చూడక విడిచిన బాణము



దేవాలయ ప్రాంగణమున వేటను గూర్చిన ప్రసంగమేమని మీలో కొందరికి తోచవచ్చును. అహింస పరమధర్మమని చెప్పుకొను చోట ఆయుధముల ముచ్చట యేలయని మమ్ము అడిగినవారును కలరు. వారికి మేము చెప్పునది యిది. దశరథ మహారాజు పుత్రశోకముతో ప్రాణములు విడుచుటకు మూలము ఒక వేట ప్రమాదము. పాండురాజు శాపగ్రస్తుడై అడవిలో మరణించుటకు మూలము వేట. పరీక్షిత్తు తక్షకుని వాత బడుటకు మూలము వేట. శ్రీకృష్ణ పరమాత్మ అవతారము చాలించుటకు నిమిత్తమైనవాడు ఒక వేటగాడు. ఇన్ని మహాకథలకు మూలమైన పనిని మన ఋషులు ఊరక ప్రస్తావించి విడువలేదు. పొరపాటు ఎక్కడ జరిగినది, ఎట్లు జరిగినది, జరిగిన పిమ్మట కర్త యేమి చేసెను అను విషయములను అడుగడుగున వివరించిరి. ఆ వివరమును మన ధర్పల్లి ప్రాంతపు రైతు సోదరులు ప్రత్యేకముగా వినవలసియున్నది. ఎందులకో ప్రసంగము సాగినకొలది తెలియగలదు.

ధర్పల్లి, సిరికొండ, ఇందల్వాయి ప్రాంతపు పల్లెలు అడవిని ఆనుకొనియున్నవి. మా పెద్దల నాట పంట ఇల్లు చేరువరకు రాత్రులందు మంచెలపై కావలి యుండుట ఇచట ప్రతి ఇంటి పని. జొన్నచేలలోనికి, మక్కచేలలోనికి, చెరకుతోటలలోనికి అడవిపందులు మందలుగా దిగును. ఆరు నెలల కష్టము ఒక్క రాత్రిలో నేలపాలగును. కావున వేట ప్రభువులకు వినోదమైనను, కాపువానికి అది కావలిలో ఒక భాగము. ఊరి మగవారు కొందరు ఒక దరిని వలలు కట్టి కాచుకొనియుండగా, తక్కినవారు డప్పులు వాయించుచు, కేకలు వేయుచు, పొదలు కొట్టుచు మృగమును ఆ వైపునకు తరుమువారు. మెదకు సీమకు, మన జిల్లాకు నడుమనున్న పోచారము అడవి నిజాము ప్రభువుల వేటస్థలము. అట్టి ప్రభువుల వేటలలోను తరుముట యిట్లే జరుగుచుండెడిది. తుపాకి పట్టినవారు ఎత్తైన మంచెపై ఉందురు. తరుమువారు కూలికి వచ్చిన పల్లెవారు, నేలపై ఉందురు. గుండు దారి తప్పినను, దెబ్బ తిన్న పంది వెనుదిరిగినను అపాయము నేలపై నున్నవానికే. వేట గొప్పతనమును చెప్పుకొనువారు ఈ సంగతిని చెప్పుకొనుట మేమెన్నడును వినలేదు.

పాతవారు పాటించిన జాగ్రత్తలు మాత్రము వినియున్నాము. తోడివారు ఎవరెవరు ఎచ్చట నిలిచిరో తెలియనిదే తరుముట మొదలుపెట్టరాదు. పొద కదలినంతనే ఆయుధము విడువరాదు, మృగపు ఒడలు కంటబడవలెను. దెబ్బ తిన్న పందిని వెంటనే పొదలోనికి వెంబడింపరాదు. మందు దట్టించిన తుపాకిని ఇంటికి తేరాదు. ప్రొద్దు క్రుంకినంతనే వేట చాలింపవలెను. ఈ నియమములు ఏ గ్రంథమునను చదివినవి కావు, దెబ్బలు తిని నేర్చుకొన్నవి. అయినను వీనిలో ప్రతియొక్కదానికి మన ఇతిహాస పురాణములలో ఒక కథ సాక్ష్యముగా నిలిచియున్నది.

పోచారము అడవి 1952లో వన్యప్రాణి అభయారణ్యమైనది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిమ్మట వేటకు వెడలుట దేశమంతట నేరమైనది. వేట పోయినది గదా, వేట ప్రమాదమును పోయినదా? ఈ ప్రశ్నను మనసునందుంచుకొని రామాయణ కథను వినవలెనని కోరుచున్నాము.

శ్రీరాముడు అరణ్యమునకు వెడలిన ఆరవనాటి రాత్రి. కౌసల్యాదేవి దుఃఖము పట్టలేక పరుషములు పలికినది. ఆమెను చేతులు జోడించి బ్రతిమాలుకొన్న పిమ్మట దశరథునకు తన యౌవనమునాటి కార్యమొకటి జ్ఞప్తికి వచ్చెను. పూవుల సొగసు చూచి ఫలములు గొప్పగా నుండునని తలచి, మామిడితోపు నరికి మోదుగులకు నీరు పోసినవాని వంటివాడను నేనని చెప్పి, కథ నారంభించెను. అప్పటికి ఆయన యువరాజు, కౌసల్యకు ఇంకను వివాహము కాలేదు. శబ్దమును బట్టి గురి తప్పక కొట్టగలడను పేరు ఆయనకు లోకమున వ్యాపించియున్నది. శబ్దవేధి యనగా అదియే. వర్షాకాలము. ధనుర్బాణములు గైకొని రథమెక్కి సరయూతీరమునకు పోయి, రాత్రివేళ నీటిరేవున నీరు త్రాగవచ్చు అడవి దున్ననో, ఏనుగునో, మరియొక మృగమునో కొట్టవలెనని పొంచియుండెను. చీకటిలో ఏనుగు ఘీంకారమును బోలిన ధ్వని వినవచ్చెను. బాణము విడిచెను. వెంటనే మనుష్యుని ఆర్తనాదము వినబడినది. ఆ ధ్వని కడవలో నీరు నిండు ధ్వని.

ఇచ్చట ఒక్కక్షణము నిలిచి చూడవలెను. ఆ రాజకుమారునకు మనుష్యుని చంపవలెనను తలంపు లేశమైనను లేదు. అతని విద్యలో లోపము లేదు. గురి తప్పలేదు. తప్పకుండుటయే ఆపద యైనది. మరి దోషమెక్కడ నున్నది? నీటిరేవునకు మృగములు వచ్చునట్లే మనుష్యులును వత్తురు. ఆ మాట అతనికి తోచలేదు. చీకటిలో ధ్వని ఎక్కడినుండి వచ్చినదో చెవి చెప్పగలదు, ఎవరిదో చెప్పలేదు. ఎక్కడ యనుదానిని తెలిసికొన్నంత మాత్రమున ఎవరు యనుదానిని తెలిసికొన్నట్లే భావించెను. దీనికంతటికి వెనుక శబ్దవేధి యను పేరు ఉన్నది. పేరు రానివాడైనచో ఆ చీకటిలో విల్లెత్తియుండడు.

బాలుడు నేలపై పడి విలపించెను. వల్కలములు ధరించి కందమూలములు తిని బ్రతుకు నన్ను చంపినందువలన ఎవరికేమి లాభము? నాకై నేను దుఃఖించుట లేదు, నాపై ఆధారపడియున్న అంధులైన తల్లిదండ్రులను గూర్చి దుఃఖించుచున్నాను, ఒక్క బాణముతో ముగ్గురు హతులైరి యని యేడ్చెను. మనము ఇతనిని శ్రవణకుమారుడని పిలుచుచున్నాము. వాల్మీకి మహర్షి అతనికి పేరు పెట్టలేదు. దశరథుడు దగ్గరకు వచ్చి భయముతో వణకుచు నిలువగా, ఆ బాలుడే అతనిని ఓదార్చెను. నేను వైశ్యునకు శూద్రస్త్రీయందు పుట్టినవాడను, బ్రహ్మహత్య జరిగినదను భయము నీకు వలదని చెప్పెను. చనిపోవువాడు చంపినవానికి ధైర్యము చెప్పిన ఇట్టి ఘట్టము వేరొకటి కలదేమో మాకు జ్ఞాపకము రాదు. రాజు మాత్రము ఆ మాటతో తన భారము తగ్గినదని యెంచలేదు.

బాణము మర్మమును బాధించుచున్నది, తీయుమని బాలుడు వేడుకొనెను. తీసిన ప్రాణము పోవునేమో, తీయకున్న బాధ యెక్కువగునేమో యని దశరథుడు తటపటాయించెను. ఒడలిలో గ్రుచ్చుకొన్న వస్తువును చేజేతుల పెరుకరాదని, అది కదలకుండునట్లు కట్టు కట్టి వైద్యుని యొద్దకు కొనిపోవలెనని నేటి వైద్యులును చెప్పుచున్నారు. ఆ రాత్రి సరయూతీరమున వైద్యుడు లేడు. చివరకు బాణము తీసెను. బాలుడు ప్రాణము విడిచెను.

కథలో మిక్కిలి గట్టిదైన భాగము ఇచ్చటినుండి మొదలగును. అది నిర్జన ప్రదేశము. చీకటి. చూచినవాడు లేడు. చనిపోయినవాని తల్లిదండ్రులు గ్రుడ్డివారు. దశరథుడు రథమెక్కి అయోధ్యకు తిరిగిపోయినచో అడుగువాడు లేడు. అతడు అట్లు చేయక, కడవలో నీరు నింపుకొని, బాలుడు చూపిన త్రోవను ఆశ్రమమునకు నడిచెను. అడుగుల చప్పుడు విని కొడుకే వచ్చెననుకొని ఆ వృద్ధుడు, ఇంత ఆలస్యమేల నాయనా, నీరు తెమ్మనెను. మాట పెగలక పెగలక దశరథుడు, నేను నీ కుమారుడను కాను, దశరథుడనువాడను, క్షత్రియుడనని మొదలుపెట్టి జరిగినదంతయు జరిగినట్లు చెప్పెను. అప్పుడు ఆ ముని పలికిన మాటను మనమందరము గుర్తుంచుకొనవలెను. ఈ పాపమును నీకు నీవై వచ్చి చెప్పకయుండినచో నీ తల వేయి వ్రక్కలై యుండెడిది. తెలియక చేసితివి కనుకనే ఇంకను జీవించియున్నావు, తెలిసి చేసినచో నీవే గాదు, రఘువంశమే లేకపోయెడిదని చెప్పెను. పుత్రశోకముతో మరణింతువను శాపము తప్పలేదు. అయినను వంశము నిలిచినది, ఆ వంశమున శ్రీరాముడు పుట్టెను. వంశమును నిలిపినది రాజు స్వయముగా నడిచివచ్చి చెప్పిన మాట.

దీనితో పోల్చదగిన పరదేశ వృత్తాంతమొకటి కలదు. ఇంగ్లండును పాలించిన రెండవ విలియము రాజు 1100వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన అడవిలో వేటాడుచుండగా బాణము తగిలి మరణించెను. ఆ బాణము విడిచినవాడని పేరుబడిన వాల్టర్ టిరెల్ అను ప్రభువు సముద్రము దాటి పారిపోయెను. అది పొరబాటో, కుట్రయో తొమ్మిది వందల యేండ్లయినను చరిత్రకారులు తేల్చుకొనలేకున్నారు. పారిపోయినవాని విషయమున అట్లే యగును.

మహాకవి కాళిదాసు రఘువంశమున ఇదే కథను చెప్పుచు, వేటవలన కదలు గురిని కొట్టు నేర్పు, మృగముల భయక్రోధముల ఎరుక, దేహపాటవము కలుగునని మెచ్చుకొనెను. మెచ్చుకొన్న ఆ సర్గమునందే, యుద్ధమున దక్క ఏనుగును చంపుట రాజులకు నిషిద్ధమని, దశరథుడు ఆ నిషేధమును దాటెనని, చదువుకొన్నవారును రజోగుణము కన్నులు కప్పినప్పుడు త్రోవగాని త్రోవ త్రొక్కుదురని చెప్పెను. అనగా ఆ ధ్వని నిజముగా ఏనుగుదే యైనను బాణము విడువరాదు. ప్రమాదమునకు ముందే నియమోల్లంఘనమున్నదని కవి యభిప్రాయము. మేమును అట్లే యెంచుచున్నాము. నేటి ప్రమాదములను పరిశీలించినను, వానిలో పెక్కింటికి ముందు ఒక చిన్న నియమమును దాటుట కనబడును.

పాండురాజు కథ మీకు తెలిసినదే గనుక ఒక్క మాటతో ముగింతుము. కిందముడను ముని మృగరూపమున భార్యతో కూడియుండగా పాండురాజు అయిదు బాణములతో కొట్టెను. రాజులు మృగములను చంపుట కలదు గదా యని పాండురాజు వాదించెను. మృగమును చంపితివని నిన్ను నిందించుట లేదు, సమయము చూడక కొట్టితివని నిందించుచున్నానని ముని బదులు చెప్పెను. చంపుటకు అధికారమున్నవానికిని ఆగవలసిన సమయమొకటి కలదని తాత్పర్యము.

వినాయకచవితినాడు ఇంటింట చదువుకొను శ్యమంతకోపాఖ్యానమును ఈ దృష్టితో చూచినవారు తక్కువ. ప్రసేనుడు మణిని మెడలో ధరించి ఒంటరిగా వేటకు పోయెను. సింహము అతనిని, అతని గుఱ్ఱమును చంపినది. వెంట సాక్షి లేనందున నింద శ్రీకృష్ణునిపై పడినది. మనము చవితిచంద్రుని దోషమును మాత్రము చెప్పుకొని అక్షతలు తలపై చల్లుకొని లేచెదము. స్వామి ఆ నిందను ఎట్లు పోగొట్టుకొనెనో గమనింపుడు. పురజనులను వెంటబెట్టుకొని అడవికి పోయెను. చనిపోయిన ప్రసేనుని, గుఱ్ఱమును వారికే చూపెను. సింహపు జాడను పట్టి పోగా కొండపై సింహము భల్లూకముచే చచ్చి పడియుండుటను చూపెను. భల్లూకపు జాడను పట్టి గుహను చేరెను. గుహలోనికి మాత్రము ప్రజలను రానీయక బయట నిలిపి, తానొక్కడే ప్రవేశించెను. ప్రమాదము జరిగిన చోటికి పదిమందితో పోయి, జాడలు చెరగకముందే విచారణ చేయుట యనునది ఇదియే. అపాయమున్న చోటికి ఇతరులను కొనిపోకుండుటయు అందులోనిదే.

పరీక్షిన్మహారాజునకు వేటలో గాయము తగులలేదు. అలసట తగిలినది. మృగమును వెంబడించి తోడివారికి దూరమై, ఆకలిదప్పులతో శమీకముని ఆశ్రమము చేరి నీరడిగెను. మౌనముననున్న ముని పలుకలేదు. ధర్మాత్ముడని పేరొందిన ఆ రాజు చచ్చిన పామును వింటికొనతో ఎత్తి ముని మెడలో వేసెను. దప్పిక బుద్ధిని చెరచునని దీనివలన తెలియుచున్నది. కౌటిల్యుని అర్థశాస్త్రమున వ్యసనములను గూర్చిన చర్చలో పిశునుడను ఆచార్యుని మతము చెప్పబడినది. వేటలో దొంగలు, శత్రువులు, క్రూరమృగములు, కార్చిచ్చు, కాలు జారుట, భయము, దిక్కు తప్పుట, ఆకలిదప్పులు, ప్రాణాపాయము కలవు గనుక జూదముకంటె వేటయే చెడ్డదని అతని వాదము. కౌటిల్యుడు దానిని అంగీకరింపక వేటవలని దేహారోగ్యమును, లక్ష్యపరిచయమును చెప్పి జూదమే చెడ్డదనెను. అయినను అదే కౌటిల్యుడు, రాజు వేటకు పోవు అడవిని ముందుగా బోయలచేతను, వేటకుక్కలవారిచేతను శోధింపజేసి, దొంగలు, పాములు, శత్రువులు లేకుండ చేసిన పిమ్మటనే పోవలెనని ఆత్మరక్షణ ప్రకరణమున విధించెను. పిశునుని వాదమును ఖండించెను గాని అతని జాబితాను మరువలేదు. మనుస్మృతి యన్ననో కామమువలన పుట్టు పది వ్యసనములలో వేటను మొట్టమొదట లెక్కించినది.

జరుడను బోయవాని కథ మౌసలపర్వమునను, భాగవతమునను కలదు. తెలుగు భాగవతమున ఈ ఏకాదశస్కంధమును రచించినవాడు వెలిగందల నారయ. యాదవనాశనానంతరము స్వామి యొంటిగా పవళించియుండగా ఆ పాదమును చూచి లేడియని భ్రమించి జరుడు బాణము వేసెను. మృగమునంతయు చూడలేదు, ఒక భాగమును చూచి తక్కినది ఊహించుకొనెను. దగ్గరకు వచ్చి, చూచి, కాళ్లపై పడెను. స్వామి అభయమిచ్చి అతనిని స్వర్గమునకు పంపెను. ఈ కథను విని, పొరబాటు చేసినవానిని భగవంతుడే క్షమించెను గదాయని తేలికపడువారు కలరు. క్షమించుట చనిపోవువాని హక్కు. దానిని చంపినవాడు ముందుగానే తన లెక్కలో వేసికొనరాదు. జరుడును పారిపోలేదని మరువరాదు.

మృగమనుకొని మనుష్యుని కొట్టుట నేటికిని వేట సాగు దేశములందు ప్రమాదములకు ఒక ప్రధానకారణమే. అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున 1949లో యువకులు వేటకు పోవుటకు ముందు జాగ్రత్తల శిక్షణ పొందవలెనను నియమము చేసిరి. అక్కడ పెక్కు రాష్ట్రములలో వేటగాండ్రు దూరమునుండి కనబడు నారింజరంగు దుస్తులు ధరింపవలెను. గురి యేదో, గురికి వెనుక నేమున్నదో స్పష్టముగా తెలియనిదే తుపాకి పేల్చరాదనునది వారి మొదటి పాఠములలోనిది. సరయూతీరమున లోపించినది ఆ పాఠమే.

ఆయుధమువలన పరులకు హాని కలిగినపుడు శాస్త్రమేమి చెప్పినదో చూతము. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున ఒక సూక్ష్మము కలదు. కఱ్ఱ, మట్టిగడ్డ, బాణము, ఱాయి మొదలగువానివలన ఇతరులకు దెబ్బ తగిలినచో, విసరువాడు ముందుగా తొలగుడని కేక వేసియున్నయెడల అతనికి దోషము లేదు. కేక వేయనియెడల దోషము కలదు. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను పదమూడవ శతాబ్దిలోనే కేతన తెలుగు పద్యములలో విజ్ఞానేశ్వరీయముగా రచించెను. కావున ఈ కేక నియమము మనకు క్రొత్తది కాదు. హెచ్చరిక చేయుట దాక్షిణ్యము కాదు, ధర్మము.

ప్రతి సోమవారము శివాలయమున మీరు వినుచున్న నమకమునందును ఈ విషయమే యున్నది. స్వరము చెవిని పడుచున్నది గాని అర్థమును తలచువారు తక్కువ. మొదటి అనువాకమున రుద్రుని అడుగునది ధనము కాదు, సంతానము కాదు. నీ వింటి నారిని సడలింపుము, బాణముల మొనలను మొక్కపరచుము, మాయెడ శాంతుడవు కమ్మని అడుగుదుము. నాలుగవ అనువాకమున వేటగాండ్రకును, వేటకుక్కలను నడుపువారికిని రుద్రరూపులుగా నమస్కారము చేయుదుము. వేదము వేటగాని నీచునిగా తలచలేదు. పదియవ అనువాకమునకు వచ్చునప్పటికి, మాలో పెద్దవానిని హింసింపకుము, చిన్నవానిని హింసింపకుము, తల్లిని తండ్రిని హింసింపకుమని వేడుకొని, నీ ఆయుధమును ఎత్తైన చెట్టుపై నుంచి మా యొద్దకు రమ్మని ప్రార్థింతుము. విడిచిన బాణమునకు పెద్ద, చిన్న తారతమ్యము తెలియదు. కనుకనే నారి సడలింపుమను ప్రార్థన అన్నిటికంటె ముందు వచ్చినది. మందు దట్టించిన తుపాకి ఇల్లు చేరరాదను మన పాతకాపుల నియమమును, రుద్రాధ్యాయపు ఈ ప్రార్థనయు ఒక్కటే యని మేము విద్యార్థులకు చెప్పుచుందుము.

ఇక వేట పోయినను ప్రమాదము పోయినదా యను ప్రశ్నకు వత్తము. ఇది మీకు మాకంటె బాగుగా తెలిసినదే. అడవిపందులనుండి మక్కచేనును, చెరకుతోటను కాపాడుకొనుటకు కొందరు రాత్రివేళ చేని చుట్టు మోకాలెత్తున బోడి తీగ కట్టి, దానికి విద్యుత్తు తగిలించుచున్నారు. మంచె పోయినది, డప్పు పోయినది, కావలివాడు ఇంట నిద్రించుచున్నాడు. తెల్లవారుజామున నీరు పెట్టుటకు పోయిన పొరుగు రైతు, పసులను వెదకికొనుచు పోయిన పిల్లవాడు, గట్టుపై నడచుచున్న కూలి ఆ తీగ తగిలి మరణించుచున్నారు. కట్టినవాడే మరచి తన తీగపై కాలుపెట్టి మరణించుటయు కలదు. తెలంగాణమున ఇట్టి వార్త రాని యేడు లేదు. పందులకని పెట్టిన నాటు మందుగుండును కొరికి దవడలు పగిలిన పశువుల సంగతి వేరు.

ఈ తీగను మేము శబ్దవేధితో పోల్చి చూచితిమి. పోలిక కుదరలేదు. దశరథునకు చెవియైనను ఉన్నది, తీగకు అదియును లేదు. దశరథుడు ఒక్క బాణము విడిచి ఆగెను, తీగ తెల్లవారువరకు ఆగదు. బాలుడు కేక వేయగా దశరథుడు విని పరుగెత్తి వచ్చెను. తీగ కట్టినవాడు ఆ కేకను వినుటకు అక్కడ లేడు. ఇక తొలగుమను హెచ్చరికయా? తీగ కట్టినది పందికి తెలియకుండుటకే గనుక మనుష్యునకును తెలియదు. కొందరు, గట్టుపై ఎవరు వత్తురు రాత్రివేళ, అందురు. సరయూరేవునకు రాత్రివేళ ఎవరు వత్తురని దశరథుడును తలచియుండెను.

పంట నష్టము చిన్నదని మేము చెప్పుట లేదు. అప్పు తెచ్చి విత్తనము వేసినవాని దుఃఖము మాకు తెలియును. అడవిపందియు చట్టపు రక్షణలో చేరినది గనుక రైతు చేతులు కట్టబడియున్నవని చేయు ఫిర్యాదులో న్యాయము కలదు. అయినను మార్గములు లేకపోలేదు. చేని అంచున ముండ్లుగల కుసుమ వరుసలు, వాసనగల ఆముదపు వరుసలు వేయుమని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. సౌరవిద్యుత్తు కంచె కలదు. అది క్షణములో పదియవ వంతైనను ఉండని చిన్న చిన్న తాకిళ్లతో మృగమును బెదరించునే గాని, సరియైన యంత్రముతో కట్టినయెడల ప్రాణము తీయదు. స్తంభముపై తీగకు కొక్కెము తగిలించి కట్టినదానికి, దీనికి పేరు ఒక్కటైనను పని వేరు. పందులు చేనిలో పడినప్పుడు అటవీశాఖవారికి దరఖాస్తు పెట్టవలెను. అన్నిటికి మించి, నాలుగు చేల రైతులు కలిసి వంతులవారీగా మంచె కావలి పెట్టుకొనుట పాతపద్ధతియే యైనను నేటికిని పనికివచ్చును. ఆ పద్ధతిలో మనిషి మేలుకొనియుండును, చూచును, కేకవేయును.

ఇంకొక మాట చెప్పక తప్పదు. తీగవలన ఎవరైన మరణించినపుడు శవమును రాత్రికి రాత్రి వేరొక చోటికి చేర్చి, తీగను చుట్టి దాచి, ఏమియు ఎరుగనట్లుండువారు కొందరు కలరని వార్తలలో చదువుచున్నాము. కొన్నాళ్లకు నిద్ర పట్టక, ఇంట పిల్లలకు జ్వరము వచ్చినను ఉలికిపడి, రహస్యముగా శాంతి జరిపింపుమని వైదికుల యొద్దకు వచ్చువారును కలరు. తెలియక జరిగినది గదా, ప్రాయశ్చిత్తము కలదా యని అడుగుదురు. తెలియక చేసిన పాపము వేదాభ్యాసముచే శుద్ధియగునని, తెలిసి చేసినదానికి ప్రాయశ్చిత్తములు వేరని మనువు చెప్పెను. తీగలోనిది ప్రాణము తీయు విద్యుత్తని వానికి తెలియును, గట్టుపై మనుష్యులు నడతురనియు తెలియును. ఎవరు, ఏ రాత్రియనునది మాత్రము తెలియదు. దీనిని పూర్తిగా తెలియక చేసినదని చెప్పుటకు మా నోరు రాదు. దశరథుని తెలియమికిని, దీనికిని మధ్య అంతరము కలదు.

పాపము చేసినవాడు దానినుండి విడివడు మార్గములను చెప్పుచు మనువు నాలుగింటిని కలిపి చెప్పెను. చేసినదానిని ప్రకటించుట, పశ్చాత్తాపపడుట, తపస్సు, అధ్యయనము. వానిలో ప్రకటించుట మొదటిది. దశరథుడు కడవ నెత్తుకొని ఆశ్రమమునకు నడచినది ఆ మొదటిదానికే. రహస్యశాంతి కోరి వచ్చినవానికి మేము ఇదియే చెప్పుదుము. ముందు చనిపోయినవాని ఇంటికి పొమ్మందుము. ఠాణాకు పోయి ఉన్నదున్నట్లు చెప్పుమందుము. ఆ ఇంటి ముసలివారికి, పిల్లలకు జీవనమెట్లు జరుగునో చూచి, చేతనైనది చేయుమందుము. అవి చేసి వచ్చిననాడు పంచాంగము తీసి తిథివార నక్షత్రములు చూచి సంకల్పము చెప్పింతుము.